లంగరు వీరుడి అప్ప

తెరకు వీపు పెట్టి

సినిమా హాలు మేనేజరు సినిమా చూడకూడదు. తెరకు వీపు పెట్టి నిలబడాలి, జనాన్ని చూడాలి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే తక్కినదంతా పని చేస్తుంటే అదే వస్తుంది.

మా వీధిలో ఉండే ఒక అమ్మాయి ఈ మధ్య పెద్ద మాల్‌లోని సినిమా హాళ్లకు మేనేజరుగా చేరింది. "తాతగారూ, కంప్యూటర్లు లేని రోజుల్లో మీరు ఈ ఉద్యోగం ఎలా చేశారు?" అని అడిగింది. నేను చెప్పడం మొదలుపెట్టాను, నడుస్తూ. కూర్చుని చెప్పమంది. కూర్చుంటే నాకు మాట రాదు. ఉద్యోగమంతా నిలబడి, తిరిగి, మెట్లెక్కి దిగి చేసినవాణ్ణి. ఇప్పటికీ పెళ్లిళ్లకు వెళ్తే వెనక వరసల్లో తిరుగుతూ ఉంటాను. జనం ఎక్కడ విసుగుపడుతున్నారో చూడకపోతే నాకు తోచదు. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. కావచ్చు.

జీతం ఎప్పుడు పెరిగింది, పన్నుల వాళ్లు ఎన్నిసార్లు వచ్చారు, ఇవన్నీ రాయను. వాటితో ఎవరికీ పని లేదు. నేను పద్మనాభం దగ్గరి పల్లె నుంచి వచ్చినవాణ్ణి. నాన్న వరి పండించేవాడు. డెబ్బైల్లో కంచరపాలెంలో, రైలు పట్టాలకు దగ్గర్లో, పాత్రుడుగారి సినిమా హాల్లో చేరాను. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ ఉండేవి. నేల టిక్కెట్టువాడే మా అన్నదాత. పోర్టులో ఓడల పని చేసే కలాసీలు, రైల్వే వాళ్లు, వర్క్‌షాపుల్లో పనిచేసేవాళ్లు. పని దిగి నూనె చేతులతోనే వచ్చేవారు.

జనానికి విసుగు ఒక్కసారిగా రాదు. ముందు కాళ్లు కదులుతాయి. తర్వాత బెంచీలు కిర్రుమంటాయి. ఆ తర్వాత చీకట్లో అగ్గిపుల్లలు వెలుగుతాయి. చివరికి తలుపు దగ్గర పరదా కదులుతుంది. పరదా కదిలిందంటే ఇక ఆ బొమ్మను దేవుడు కూడా ఆడించలేడు. పాత్రుడుగారు నాకు మొదట నేర్పింది ఫ్యాన్ల సంగతి. "బొమ్మ బాగున్నప్పుడు ఫ్యాను మాటెవుడూ అడగడయ్యా. బాగోనప్పుడు గిర్రున తిప్పీ. గాలికైనా కూసుంటారు," అనేవారు. చదువు పెద్దగా లేని మనిషి, నోరు మంచిది కాదు, కానీ ఈ మాటకు మాత్రం ఇప్పటికీ దండం పెడతాను.

మైకు పట్టిన భాయ్

తెలుగు బొమ్మలు దొరకని వారాల్లో ఇంగ్లీషు బొమ్మ వేసేవాళ్లం. తక్కువకు వచ్చేది. కానీ నేల జనానికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అందుకని పాత్రుడుగారు పాతఊరి నుంచి ఖాసిం భాయ్‌ని పట్టుకొచ్చారు. ఆయన దర్జీ. ఓడల మీద వచ్చే విదేశీ నావికులకు ప్యాంట్లు కుట్టి కుట్టి ఇంగ్లీషు నేర్చుకున్నాడు. అందులో సగం బూతులు.

తెర పక్కన స్టూలు వేసుకుని, మైకు పట్టుకుని, బొమ్మ నడుస్తుంటే తెలుగులో కథ చెప్పడం ఆయన పని. అర్థమైంది అర్థమైనట్టు చెప్పేవాడు. అర్థం కానిది ఇంకా బాగా చెప్పేవాడు. జడ్జిని మామగారు చేసేవాడు, పోలీసును బావమరిదిని చేసేవాడు. ఆ తెల్లవాళ్లందరికీ కంచరపాలెంలో చుట్టాలున్నట్టే ఉండేది. తప్పు చెబుతున్నావు భాయ్ అంటే కోపం వచ్చేది. "తప్పేటి బావా? ఆళ్లు నవ్వినారా లేదా, ఏడిసినారా లేదా?" అనేవాడు.

ఆ రోజుల్లో వచ్చిందే 'లంగరు వీరుడు'. అసలు ఇంగ్లీషు పేరు ఎవరికీ నోరు తిరగక, పాత్రుడుగారే కరపత్రంలో ఆ పేరు వేయించారు. హీరో పగలు ఓడరేవు ఆఫీసులో గుమస్తా. ఆపద వస్తే ముసుగు తగిలించుకుని మహాబలుడైపోతాడు. ఎగరడు, మాయమవడు. పట్టుకుంటే వదలడు, అంతే. తుపానులో లంగరు తెగిన ఓడ బండల మీదికి కొట్టుకుపోతుంటే ఆ తెగిన గొలుసును రెండు చేతులతో పట్టుకుని ఆపేస్తాడు. గొలుసు జారుతుంది, అరచేతులు చీరుకుపోతాయి, నెత్తురు కారుతుంది. వదలడు.

ఆ ఘట్టంలో నేల మీద ఉన్న కలాసీలు ఊపిరి బిగబట్టడం నేను కళ్లారా చూశాను. గొలుసు జారితే చెయ్యేమవుతుందో వాళ్లకు తెలుసు. ఒకడు తన అరచేతులు తెరిచి తెర వెలుగులో చూసుకుంటున్నాడు.

ఓడ ఆగాక ఒక నర్సు వచ్చి హీరో చేతులకు కట్లు కట్టి, నుదుటి మీద ముద్దు పెడుతుంది. అక్కడ ఖాసిం భాయ్ ఒక్క క్షణం ఆగాడు. ఇంగ్లీషులో వాళ్లేం మాట్లాడుకున్నారో ఆయనకు అందలేదనుకుంటాను. మైకు దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు.

"ఈ అమ్మి ఎవులనుకున్నారు? ఆడి సొంత అప్ప! సిన్నప్పుడు తుపానులో తప్పిపోనారు. ఆడికి తెల్దు, ఆవిడికీ తెల్దు. మనకే తెల్సు!"

హాలంతా ఒక్కసారి "అయ్యో" అంది. మా వైపు అక్కను అప్ప అంటాం. ఆ మాట వినగానే ఆ తెల్ల నర్సు మా ఇంటి ఆడపడుచు అయిపోయింది. మర్నాటి నుంచి ఆడవాళ్ల బెంచీలు నిండాయి. ఇంగ్లీషు బొమ్మకు మా హాల్లో ఆడవాళ్లు రావడం అదే మొదలు. కొంగులతో కళ్లు తుడుచుకుంటూ వెళ్లి, ఆడబిడ్డలను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చేవారు.

పైడమ్మ

ఆడవాళ్ల గేటు దగ్గర టిక్కెట్లు చింపే పైడమ్మ మా హాల్లో నాకంటే పాత మనిషి. నోరు తెరిస్తే ఎంతటి అల్లరివాడైనా వరసలోకి రావాల్సిందే. పని దగ్గర అంత గట్టి మనిషి, ఈ బొమ్మ మొదలయ్యాక కట్లు కట్టే ఘట్టం వచ్చేసరికి గేటు వదిలేసి లోపలికి వచ్చి పరదా దగ్గర నిలబడేది. ప్రతి ఆటకూ అంతే. ఒకరోజు గట్టిగా అడిగాను.

"గేటొదిలీసి ఏటి సేత్తన్నావు పైడమ్మా? టిక్కెట్టు లేనోళ్లు దూరిపోతే?"

"నానేటి సేసీది బాబూ. ఆ అప్ప కట్టు కట్టినప్పుడు సూడకపోతే నాకు ముద్ద దిగదు." నా ముఖం చూడకుండా చెప్పింది. "నాకూ ఓ తమ్ముడున్నాడు. మా ఆయనతో దెబ్బలాడీసి ఓడెక్కీసి ఎల్లిపోనాడు. కలాసీగా ఎల్లినాడని ఎవులో సెప్పినారు. మరి కబురు లేదు."

ఇన్నేళ్లుగా పక్కన పనిచేస్తున్న మనిషి గురించి నాకు ఆ సంగతి తెలియదు. ఆ తర్వాత ఆ ఘట్టానికి నేనే అటువైపు వెళ్లడం మానేశాను.

బొమ్మ చివర్లో హీరో, నర్సు చెరో వైపు నిలబడి సముద్రాన్ని చూస్తుంటారు. అంతే, అయిపోతుంది. వాళ్లు అప్పాతమ్ముళ్లని బయటపడే ఘట్టం ఉండదు. ఉండదు కదా మరి, వాళ్లు అప్పాతమ్ముళ్లు అయితేగా! జనం లేవకుండా కూర్చున్నారు. బెంచీలు కిర్రుమనడం మొదలైంది. ఖాసిం భాయ్ కంగారుపడి ఒక మాట అనేశాడు. "ఇద్దరికీ ఇంకా తెల్దు. రెండో బాగంలో తెలుస్తాది!"

నేను బయటకు లాక్కొచ్చి అడిగాను. "రెండో బాగం ఉందని నీకెవులు సెప్పినారు భాయ్?"

"ఎవులు సెప్తారు బావా. జనం ముకాలు సూసి అనీసినాను. రాదులే. వస్తే అప్పుడు సూసుకుందాం."

కానీ పైడమ్మ ఆ మాట పట్టుకుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి, కొత్త బొమ్మ పెట్టె రిక్షాలో దిగినప్పుడల్లా అదే అడిగేది. "బాబూ, రెండో బాగం ఎప్పుడొత్తాది?" నాకు లోపల గాభరాగా ఉండేది. రాకపోతే ఆవిడ ఎదురుచూపు తీరదు. వస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

చేతులకు గ్లౌజులు

వచ్చింది. ఎనభైల్లో, ఉక్కు కర్మాగారం పనులు జోరుగా సాగుతున్న రోజుల్లో. ఉక్కునగరం క్వార్టర్లలో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఇంజినీర్ల కుటుంబాలు దిగాయి. వాళ్లకు ఇంగ్లీషు వచ్చు. మా బాల్కనీకి వాళ్లే కొత్త కళ. పాత్రుడుగారికి నేలా కావాలి, బాల్కనీ కావాలి.

"నాయుడూ, కరపత్రంలో 'అప్పా తమ్ముడూ కలుస్తారా?' అని ఏయించీ," అన్నారు నాతో.

"బొమ్మ ఒకపాలి సూసీసి ఏయిద్దామండీ."

"బొమ్మ సూసి కరపత్రం ఏస్తే యాపారం సాగదయ్యా."

యజమానులతో వచ్చిన చిక్కు ఇదే. జనం దేనికి ఏడ్చారో వాళ్లకు సరిగ్గా తెలుస్తుంది. ఎందుకు ఏడ్చారో మాత్రం తెలియదు. కరపత్రాలు పడ్డాయి, రిక్షా మైకు కంచరపాలెం అంతా తిరిగింది. విడుదల రోజు ఉదయం ఆటకు ఆడవాళ్లు చంటిపిల్లలతో సహా వచ్చి గేటు ముందు కూర్చున్నారు. పైడమ్మ కొత్త చీర కట్టుకుని తలలో పువ్వులు పెట్టుకుంది. రైలు ఆలస్యమై బొమ్మ పెట్టె జనం కూర్చున్నాక వచ్చింది. ఖాసిం భాయ్‌కి ముందుగా చూసుకునే వీలు లేకపోయింది. స్టూలు మీద కూర్చుని మైకు వైరును వేలికి చుడుతూ, విప్పుతూ ఉన్నాడు. నేను తలుపు నుంచి తలుపుకు తిరుగుతున్నాను.

బొమ్మ మొదలైన కాసేపటికే చర్చి, పువ్వులు, తెల్ల గౌనులో నర్సు. పక్కన సూటు వేసుకుని లంగరు వీరుడు.

ఖాసిం భాయ్ తడుముకోలేదు. "అప్పకి పెళ్లి! దగ్గరుండి సేయిస్తన్నాడు తమ్ముడు!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. హీరో ఉంగరం తీసి ఆమె వేలికి తొడిగాడు. "ఆళ్ల దేశంలో ఉంగరం తమ్ముడే తొడుగుతాడు," అన్నాడు భాయ్. ఈసారి చప్పట్లు సగమే. బాల్కనీలో ఎవరో కిసుక్కున నవ్వారు. హీరో ఆమె ముసుగు పైకెత్తి ముఖం దగ్గరికి వంగాడు.

ఇలాంటి చోట లెన్సుకు అడ్డంగా చెయ్యి పెట్టడం మా ఆపరేటర్‌కు అలవాటు. పెట్టేశాడు. తెర నల్లబడింది. ఆ చీకట్లో నేల నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏటి భాయ్? అప్పని పెళ్లాడీసినాడేటి?"

ఇక చెప్పేదేముంది. చెప్పులు లేచాయి, కేకలు లేచాయి. చంటిపిల్లలు ఏడ్చారు. బాల్కనీవాళ్లు "షో నడపండి" అని అరిచారు. నేను లైట్లు వేయించాను. ఖాసిం భాయ్ స్టూలు పక్కన మైకు పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఒళ్లంతా చెమట. పారిపోతాడనుకున్నాను. పారిపోలేదు.

"తప్పు నాదే," అన్నాడు మైకులో. "ఆవిడ అప్ప కాదు. నాకు ఇంగ్లీసు అందక సెప్పీసినాను. ఆవిడ ఆడికి కాబోయే పెళ్లాం."

హాలు కాస్త చల్లబడింది. అంతలో ఆడవాళ్ల బెంచీల్లోంచి ఒక ముసలామె లేచి నిలబడింది. "మరి అప్పేదిరా?"

ఎవరూ నవ్వలేదు. భాయ్ పరదా వైపు చూశాడు. పైడమ్మ అక్కడ నిలబడి ఉంది. ఆవిడ ముఖంలో కోపం లేదు, ఏడుపు లేదు. అందుకే నాకు భయం వేసింది.

"ఆడింకా ఎతుకుతన్నాడు," అన్నాడు భాయ్.

నేను బొమ్మ వెయ్యమన్నాను.

అంతటితో పోయిందా అంటే, బొమ్మ అయినా బాగుండాలి కదా. మొదటి బొమ్మలో ఒక దుర్మార్గుడుంటే దీంట్లో ఇద్దరు. అందులో ఒక ఓడ మునగబోతే ఇందులో మూడు. హీరో పెద్ద బల్లల ముందు కూర్చుని గంటలు గంటలు మాట్లాడతాడు. చివరికి ఓడను ఆపే ఘట్టం వచ్చింది. గొలుసు పట్టుకున్నాడు. చేతులకు మెరిసే గ్లౌజులు. నెత్తురు లేదు, జారడం లేదు, ముఖంలో నొప్పి లేదు.

"గ్లౌజులేటి బావా, పెళ్లికొడుకా?" అన్నాడు ఒక కలాసీ. నేలంతా గొల్లుమంది. ఆ నవ్వుతో బొమ్మ చచ్చిపోయింది.

ఫ్యాన్లు గిర్రున తిప్పించాను. లాభం లేదు. పరదా కదులుతూనే ఉంది. రెండో భాగాల గురించి నాకు తెలిసింది ఇంతే అమ్మాయ్: తీసినవాళ్లకు మొదటి బొమ్మలో బలం కనిపిస్తుంది, దాన్ని రెట్టింపు చేస్తారు. జనం చూసింది బలం కాదు. బలవంతుడి చేతికి తగిలిన దెబ్బ. మీ తెరలు ఎంత పెద్దవైనా, మీ కుర్చీలు ఎంత మెత్తనివైనా ఈ సంగతి మారదు. విరామం అయ్యేసరికి సగం హాలు ఖాళీ.

మ్యాట్నీ

ఆట అయ్యాక పాత్రుడుగారు కిందికి దిగివచ్చి ఖాసిం భాయ్‌ని నానా మాటలూ అన్నారు. ఉక్కునగరం వాళ్ల ముందు పరువు పోయిందన్నారు. "మ్యాట్నీ నుంచి మైకొద్దు. అర్థమైనోడే సూస్తాడు," అని భోజనానికి వెళ్లిపోయారు.

భాయ్ ఆడవాళ్ల గేటు దగ్గరికి వెళ్లాడు. నేనూ వెనకాలే వెళ్లాను. పైడమ్మ నేల మీద పడ్డ టిక్కెట్టు ముక్కలు ఊడుస్తోంది.

"పైడమ్మా, నిన్ను మోసం సేసినాను. అప్పా తమ్ముడూ కలుస్తారని ఇన్నాళ్లు సూసినావు. నన్ను తిట్టు," అన్నాడు.

ఆవిడ చీపురు ఆపలేదు. "మోసమేటి భాయ్. నాకు మొదటి బాగంలోనే తెల్సు. నాకు ఇంగ్లీసు రాదు గానీ కళ్లున్నాయి. అప్పని సూసీ సూపేటో, పెళ్లాన్ని సూసీ సూపేటో తెల్దా?"

నేను అడిగాను. "మరి పెతి ఆటకీ గేటొదిలీసి ఎందుకొచ్చీదానివి?"

అప్పుడు చీపురు ఆపింది. "మా ఇంట్లో ఆడి మాట ఎవులూ ఎత్తరు బాబూ. ఎత్తితే మా ఆయన ఊరుకోడు. పేరు పలకడానికి లేదు. ఇక్కడ భాయ్ మైకులో అందరికీ ఇనబడీలాగ అప్పా తమ్ముడూ అంటన్నాడు. ఎవులో ఒకరు అంటన్నారు కదా అని వచ్చీదాన్ని."

ఖాసిం భాయ్ మెల్లగా అడిగాడు. "ఆడి పేరేటమ్మా?"

ఆవిడ అటూ ఇటూ చూసింది. "సూరిబాబు," అంది. "సూరిగాడు అనీవాళ్లం."

మ్యాట్నీకి జనం పలచగా ఉన్నారు. పని దిగి వచ్చిన కలాసీలు, కొద్దిమంది ఆడవాళ్లు. నేను ఆపరేటర్ దగ్గరికి వెళ్లి మైకు కలపమన్నాను. యజమాని వద్దన్నారు కదా అన్నాడు. కలపమన్నానని చెప్పు, నన్నే తిడతారు అన్నాను.

ఈసారి ఖాసిం భాయ్ ఒక్క అబద్ధం ఆడలేదు. పెళ్లిని పెళ్లి అన్నాడు, ముద్దు దగ్గర నోరు మూసుకున్నాడు. జనం బీడీలు కాల్చుకుంటూ చూశారు. గ్లౌజుల దగ్గర నవ్వారు. చివర్లో లంగరు వీరుడు పెద్ద ఓడ ఎక్కి వెళ్లిపోతాడు. రేవు దూరమవుతుంది, ఓడ చిన్నదవుతుంది. ఈ తీరిక లేని బొమ్మలో కుదురుగా తీసిన ఘట్టం అదొక్కటే. అక్కడ భాయ్ స్టూలు మీంచి లేచాడు.

"అన్నదమ్ములారా, ఈ మాట బొమ్మలోది కాదు. మనూరి గుంటడొకడు ఇలాగే ఓడెక్కీసి ఎల్లిపోనాడు. ఆడి పేరు సూరిబాబు. ఆడి అప్ప మన మద్దిలోనే ఉంది. ఒక్కపాలి పిలవండి."

నేల మీద ఉన్న కలాసీ ఒకడు చేతులు నోటి చుట్టూ పెట్టుకుని, రేవులో ఓడ మీదివాణ్ణి పిలిచినట్టు అరిచాడు. "ఒరే సూరిగా! ఒడ్డుకి రారా!" ఇంకొకడు అందుకున్నాడు. ఆడవాళ్లు అందుకున్నారు. హాలంతా మోగిపోయింది.

ఆ కేకలు ఆగాక పరదా దగ్గర్నుంచి ఒక్క గొంతు వచ్చింది. ముందు బొంగురుగా, తర్వాత గట్టిగా.

"ఒరే సూరిగా, నాన్రా, అప్పని! మీ బావ ఏటీ అనడు, నాను సూసుకుంటాను! వచ్చీరా!"

తెర మీద ఓడ ఆగలేదు. చుక్కంత అయిపోయి, రీలు ముగిసి, తెర తెల్లబడింది. ఆట అయిపోగానే లైట్లు వెయ్యడం మా నియమం. ఆపరేటర్ గదిలోంచి తల బయటికి పెట్టి నా వైపు చూశాడు. పైడమ్మ ఇంకా పిలుస్తూనే ఉంది. నేను వెయ్యమనలేదు.